విదేశీ హెడ్‌సెట్టు.. ధర ఒక్కటే చూస్తే నష్టమే

బాన్సువాడ: దుబాయి, షార్జా, మస్కట్, దోహా.. బాన్సువాడ ప్రాంత పల్లెల్లో ఈ పేర్లు తెలియని ఇల్లు అరుదు. ఒకప్పుడు గల్ఫ్ నుంచి సెలవుపై వచ్చేవారు టేప్‌రికార్డరు, అత్తరు సీసా, దుప్పటి తెచ్చేవారు. ఇప్పుడు ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలు ఫోన్లో అడుగుతున్నది గేమింగ్ హెడ్‌సెట్. అక్కడ చవకని తండ్రో, మేనమామో కొని పంపుతున్నారు. కొందరు పిల్లలు తామే విదేశీ వెబ్‌సైట్లలో ఆర్డరు పెడుతున్నారు. తెర మీద కనిపించే ధర చూసి సంబరపడితే చాలదు. సుంకం, వారంటీ, ప్లగ్గు తేడా, ఆపై కస్టమ్స్ పేరుతో వచ్చే మోసపు ఫోన్లు.. వీటన్నింటినీ లెక్కలోకి తీసుకుంటే చవక వస్తువు ఒక్కోసారి రెట్టింపు ధర పలుకుతుంది.

ముందు పిన్ను చూడాలి

హెడ్‌సెట్‌ను దేనికి తగిలిస్తారన్నది మొదటి ప్రశ్న. మన దగ్గర పిల్లల్లో ఎక్కువ మంది ఆడేది సెల్‌ఫోన్‌లోనే. అయితే గేమింగ్ పేరుతో అమ్మే హెడ్‌సెట్లలో చాలావరకు కంప్యూటర్‌ను ఉద్దేశించినవి. వీటికి శబ్దానికి ఒకటి, మైకుకు ఒకటి చొప్పున రెండు పిన్నులుంటాయి. ఫోన్లో ఉన్నది ఒకే రంధ్రం. కొత్త ఫోన్లలో కొన్నింటికి అదీ లేదు, ఛార్జింగ్ పెట్టే టైప్-సి రంధ్రమే దిక్కు. పిన్ను మీది నల్ల గీతలను లెక్కపెడితే మరో సంగతి తెలుస్తుంది. మూడు గీతలుంటే మైకు కోసం కూడా తీగ ఉన్నట్టు. రెండే ఉంటే పాటలు వినడానికి తప్ప అవతలి ఆటగాడితో మాట్లాడటానికి పనికిరాదు.

తీగ లేని బ్లూటూత్ రకం చూడటానికి బాగుంటుంది కానీ ఆటకు అంతగా నప్పదు. మామూలు బ్లూటూత్‌లో శబ్దం సెకనులో పదో వంతు నుంచి పావు వంతు వరకు ఆలస్యంగా చెవికి చేరుతుంది. పాటకు ఇది తెలియదు. ఆటలో మాత్రం ఎదుటివాడు కాల్చిన తరువాత తుపాకీ మోగుతుంది. తీగ వద్దనుకునేవారు 2.4 గిగాహెర్ట్జ్ డాంగిల్‌తో వచ్చే రకం చూసుకోవాలి. ఆ డాంగిల్ ఫోన్‌కు సరిపోతుందో లేదో కూడా అడగాలి. '7.1 సరౌండ్', '50 ఎంఎం డ్రైవర్' అని పెట్టె మీద ముద్రించిన మాటలకు లొంగిపోవలసిన పనిలేదు. చెవికి ఒక్కో స్పీకరే ఉన్న హెడ్‌సెట్‌లో 7.1 అనేది సాఫ్ట్‌వేర్ చేసే గారడీ. డ్రైవర్ పెద్దదైనంత మాత్రాన శబ్దం స్పష్టంగా ఉంటుందన్న హామీ లేదు. వీటికన్నా బరువు, చెవి మెత్తలు, పిన్ను దగ్గర తీగ గట్టితనం, విడిభాగాలు దొరకడం ముఖ్యం. ముందుగా చెడిపోయేవి సాధారణంగా తీగ, మెత్తలే.

చెవుల మాట తల్లిదండ్రులు వినాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం కలిసి 2019లో విడుదల చేసిన ప్రమాణం ప్రకారం పెద్దలకు వారానికి 40 గంటల పాటు 80 డెసిబుళ్లు, పిల్లలకు 75 డెసిబుళ్లు పరిమితి. శబ్దం పెరిగేకొద్దీ వినదగిన గంటలు వేగంగా తగ్గిపోతాయి. పక్కన కూర్చున్నవారికి కూడా ఆట చప్పుడు వినిపిస్తుంటే శబ్దం మితిమీరినట్టే.

సామానుతో తెస్తే ఒక లెక్క, పార్శిల్‌కు మరో లెక్క

శంషాబాద్‌లో దిగే ప్రయాణికుడు తన సామానుతో తెచ్చుకునే వస్తువులకు కొంత విలువ వరకు సుంకం ఉండదు. 2016 నాటి బ్యాగేజీ నిబంధనల్లో రూ.50 వేలుగా ఉన్న ఈ పరిమితిని 2026 ఫిబ్రవరిలో రూ.75 వేలకు పెంచారు. ఒకరి మినహాయింపును మరొకరికి కలపడం కుదరదు. వెంట తెచ్చుకున్న సామానుకే ఇది వర్తిస్తుంది. కార్గో డబ్బాలో పంపే కొత్త వస్తువులకు ఈ మినహాయింపును ఆశించరాదు. ఇక ఊరివారి కోసమని ఎవరో అంటించి ఇచ్చిన ప్యాకెట్‌ను విప్పి చూడకుండా తేవడం ఎంత ప్రమాదమో గల్ఫ్ వెళ్లివచ్చినవారికి వేరే చెప్పనక్కరలేదు.

తపాలా, కొరియర్ సంగతి వేరు. 'గిఫ్ట్' అని రాస్తే సుంకం పడదన్న నమ్మకం ఇంకా చాలామందిలో ఉంది. రూ.5 వేల లోపు కానుకలకు ఒకప్పుడు ఆ వెసులుబాటు ఉన్న మాట నిజమే. 2019 డిసెంబరులో కేంద్రం దానిని ఎత్తివేసింది. ప్రాణరక్షక మందులు, రాఖీలకు మాత్రమే మినహాయింపు మిగిలింది. సుంకం వేసేది వస్తువు ధర ఒక్కదాని మీదే కాదు. హెడ్‌సెట్ రూ.4 వేలు, రవాణా రూ.వెయ్యి అయితే లెక్క రూ.5 వేల మీద మొదలవుతుంది. దానిపై కస్టమ్స్ సుంకం, రెండూ కలిపిన మొత్తంపై ఐజీఎస్‌టీ. తపాలాలో వస్తే ఈ సొమ్మును పార్శిల్ అందజేసేటప్పుడు వసూలు చేస్తారు. కొరియర్ సంస్థలు గుర్తింపు పత్రాలు అడగడమే కాక తమ సేవా రుసుము కూడా కలుపుతాయి.

చెడితే ఎవరిని అడగాలి?

అసలు చిక్కు ఇక్కడుంది. చాలా కంపెనీల వారంటీ వస్తువును అమ్మిన దేశానికే పరిమితం. దుబాయిలో కొన్న హెడ్‌సెట్‌లో ఒక చెవి మూగబోతే ఇక్కడి సర్వీస్ సెంటర్ క్రమసంఖ్య చూసి తిప్పి పంపవచ్చు. తిరిగి అక్కడికి పంపే ఖర్చు కొత్తది కొనేంత అవుతుంది. బిల్లు, పెట్టె ఉన్నా ఉపయోగం తక్కువ. కొనేముందే 'ఇండియాలో వారంటీ ఉందా' అని అడిగి రాతపూర్వకంగా తీసుకోవడం మేలు. యూఏఈలో ప్లగ్గులు మూడు చదరపు పిన్నులవి కావడంతో ఛార్జరుకు అడాప్టర్ కూడా కొనాల్సి వస్తుంది.

మన దేశంలో అమ్మే వైర్‌లెస్ హెడ్‌ఫోన్లకు బీఐఎస్ నమోదు తప్పనిసరి. పెట్టె మీద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంటుంది. 'బీఐఎస్ కేర్' యాప్‌లో ఆ నంబరు కొడితే తయారీదారు ఎవరో తెలుస్తుంది. ఇక్కడి దుకాణంలోనో, ఇక్కడి వెబ్‌సైట్‌లోనో కొన్నది పాడైతే 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు. తాము నివసించే చోటి వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేసుకునే వీలును 2019 చట్టం కల్పించింది. షెంజెన్‌లో కూర్చున్న అమ్మకందారుపై ఈ చట్టం చేయి చాచడం కాగితం మీద ఉన్నంత తేలిక కాదు. కొన్న వెబ్‌సైటే కనిపించకుండా పోవచ్చు. 2020 నవంబరులో కేంద్రం ఒకేసారి 43 యాప్‌లను నిషేధించగా, వాటిలో అలీఎక్స్‌ప్రెస్ కూడా ఉంది.

'మీ పార్శిల్ కస్టమ్స్‌లో ఆగింది'

విదేశీ ఆర్డరు పెట్టినవారిని, పెట్టనివారిని కూడా వలలో వేసే మాట ఇది. అవతలి వ్యక్తి కస్టమ్స్ అధికారినంటాడు, మత్తుమందులు దొరికాయంటాడు, వెంటనే డబ్బు వేయకుంటే అరెస్టంటాడు. కొడుకో, భర్తో గల్ఫ్‌లో ఉన్న ఇంట్లో ఈ మాట వింటే కాళ్లూ చేతులూ ఆడవు. మోసగాళ్లకు కావలసిందీ అదే. కస్టమ్స్ శాఖ ఫోన్ చేసి వ్యక్తిగత ఖాతాలో సుంకం వేయమని అడగదు. ఆ శాఖ పంపే లేఖలపై డిన్ అనే గుర్తింపు సంఖ్య ఉంటుంది. అది అసలుదో కాదో సీబీఐసీ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు.

కార్డు విషయంలోనూ జాగ్రత్త అవసరం. కొన్ని విదేశీ సైట్లలో ఓటీపీ అడగకుండానే ఖాతా నుంచి సొమ్ము పోతుంది. రిజర్వు బ్యాంకు ఆదేశాలతో 2020 అక్టోబరు నుంచి కొత్త కార్డుల్లో విదేశీ లావాదేవీలు మొదట మూసే ఉంటున్నాయి. కొనుగోలు కోసం తెరిచినవారు పని కాగానే బ్యాంకు యాప్‌లో మళ్లీ మూసివేయాలి. పరిమితిని కూడా కొనే వస్తువు ధర మేరకే పెట్టుకోవచ్చు. డబ్బు పోయినట్టు తెలిసిన వెంటనే 1930కు ఫోన్ చేయాలి, లేదా సైబర్‌క్రైమ్.గవ్.ఇన్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. సొమ్ము మోసగాళ్ల ఖాతాల నుంచి చేతులు మారకముందే ఫిర్యాదు అందితే బ్యాంకులు దానిని నిలిపివేసే వీలుంటుంది. ఫోన్ చేసేటప్పుడు లావాదేవీ సంఖ్య, తేదీ, సమయం దగ్గర పెట్టుకోవాలి.