‘వచ్చిండు’ : ఒక సంకోచరూప విచారము

వ్యవహారమున పదములు కుదించుకొనిపోగా ఏర్పడు రూపమునకు సంకోచరూపమని పేరు. ఆంగ్లమున ‘హి ఈజ్’, ‘హి హ్యాజ్’ అను రెండును ‘హీజ్’ అనియే పలుకబడును; వానిలో ఏది ఉద్దిష్టమో తరువాతి పదము తెలుపును. తెలుగు క్రియలయందును ఇట్టి సంకోచము కలదు. ఓరుగల్లు ప్రాంతపు ‘వచ్చిండు’ అందులకు చక్కని ఉదాహరణము.

‘వచ్చిన’ అను క్రియాజన్య విశేషణముపై ‘వాడు’ చేరి, వకారము లోపింపగా ‘వచ్చినాడు’ అయినది. ఇంతవరకు త్రోవ ఒక్కటియే. పిమ్మట అది రెండుగా చీలినది. కోస్తా జిల్లాల వ్యవహారమున నడుమనున్న ‘ఇన్’ లోపించి, దీర్ఘము నిలిచి, ‘వచ్చాడు’ ఏర్పడినది. ఓరుగల్లు వ్యవహారమున దీర్ఘము హ్రస్వమై, ఆ హ్రస్వమును లోపించి, నకారము బిందువుగా మిగిలి, ‘వచ్చిండు’ అయినది. బహువచనమున ‘వచ్చినారు’ అనునది ‘వచ్చిన్రు’ అయి, నకార రేఫముల నడుమ డకారము పుట్టి ‘వచ్చిండ్రు’ అగుచున్నది. ఈ ఆగమము వింత కాదు. ప్రాచీనాంగ్లమునందలి ‘థునొర్’ ఈ రీతిగనే ‘థండర్’ అయినది.

‘వచ్చాడు’ శిష్టమనియు, ‘వచ్చిండు’ దోషమనియు విద్యార్థుల వ్రాతలను దిద్దు అలవాటు చిరకాలముగా కలదు. కాని ‘వచ్చినది’ అనునది ‘వచ్చింది’ అగుట ఎల్లరకును సమ్మతమే. అచ్చటను నకారముమీది అచ్చు లోపించి, నకారము బిందువైనది. ‘వచ్చిండు’ నందు జరిగిన కార్యమును ఇదియే. ఒకే సూత్రమునకు లోబడిన రెండు రూపములలో స్త్రీలింగ రూపము ఒప్పు, పుంలింగ రూపము తప్పు అనుటకు వ్యాకరణమున ఆధారము లేదు. ఆ భేదము ప్రతిష్ఠకు సంబంధించినది. శబ్దస్వరూపమునకు సంబంధించినది కాదు.

అర్థసందేహ మేర్పడునని కొందరు ఆక్షేపింపవచ్చును. ‘వచ్చిన మనిషి’ యందు విశేషణమైన ‘వచ్చిన’, ‘నేను నిన్న వచ్చిన’ యందు ఉత్తమపురుష క్రియ. నామమునకు ముందున్నచో విశేషణము. వాక్యాంతమున నిలిచినచో క్రియ. ‘హీజ్’ వలెనే ఇచ్చటను స్థానమే అర్థనిర్ణాయకము.

ఓరుగల్లు కవి కాళోజీ నారాయణరావు (1914–2002) ఈ పలుకుబడికి రచనలో గౌరవస్థానము కల్పించెను. ఆయన జన్మదినమైన సెప్టెంబరు 9 తెలంగాణ భాషాదినోత్సవముగా జరుపబడుచున్నది. ఉత్సవముతో పాటు బోధనయు మారవలయును. ‘వచ్చిండు’ను కొట్టివేయుటకు మారుగా, దాని పుట్టుకను ‘వచ్చింది’ పక్కన నిలిపి చూపినచో, విద్యార్థి తన ఇంటి మాటలోనే వ్యాకరణమును గుర్తింపగలడు.