తుపాకి: హక్కా, అనుమతియా?

తుపాకి యెల్లెడల నొక్కటియే. దానిని గూర్చిన చట్టము మాత్రము దేశమునకొక తీరున నున్నది.

జపానులో 1958 నాటి చట్టము మిక్కిలి కఠినము. వేటకై తుపాకి కొనగోరువాడు ముందుగా తరగతికి హాజరై, వ్రాతపరీక్షలో నెగ్గవలెను. పిదప గురిపరీక్ష. మనస్సు స్వస్థముగా నున్నదని వైద్యుని పత్రము తేవలెను. పోలీసులు అతని నడవడిని విచారింతురు. తుపాకి యొకచోట, తూటాలు వేరొకచోట తాళము వేసి యుంచవలెను. ఏటేట తుపాకిని పోలీసులకు చూపవలెను. పిస్తోలు సామాన్యునకు దొరకనే దొరకదు. ఇంత శ్రమకంటె వేట మానుటయే మేలని పలువురు తలంతురు కాబోలు!

అమెరికా సంయుక్త రాష్ట్రములలో తుపాకి అనుమతి కాదు, హక్కు. ఆంగ్లేయులతో పోరి స్వాతంత్ర్యము గొన్నవారిలో పలువురు సొంత తుపాకులతో వచ్చిన రైతులు. 1791లో ఆయుధధారణ హక్కు రాజ్యాంగమున చేరినది. 1993 నాటి చట్టము ననుసరించి కొనువాని నేరచరిత్రను దుకాణదారుడు విచారింపజేయవలెను. కాని పెక్కు రాష్ట్రములలో ఒక పౌరుడు మరియొకనికి అమ్మునపుడు ఈ విచారణ లేదు.

ఆస్ట్రేలియాలోను ఒకప్పుడు కట్టుబాట్లు సడలియుండెను. 1996 ఏప్రిలులో పోర్ట్ ఆర్థర్ అను విహారస్థలమున ఒక్కడు 35 మందిని కాల్చి చంపెను. పండ్రెండు దినములలో రాష్ట్రములన్నియు కఠిన నియమములకు సమ్మతించెను. ప్రభుత్వము ధర చెల్లించి దాదాపు 6.5 లక్షల తుపాకులను ప్రజలయొద్ద కొని ధ్వంసము చేసెను.

మన దేశపు కథ వేరు. 1878 నాటి చట్టము భారతీయులకు లైసెన్సు విధించి, ఐరోపావారిని విడిచిపెట్టెను. 1959లో దాని స్థానమున క్రొత్త చట్టము వచ్చినది. 2019 సవరణ పిమ్మట లైసెన్సుదారుడు సాధారణముగా రెండు తుపాకులకు మించి ఉంచుకొనరాదు.