24 కేబీలో పట్టని సంగీత పాఠం

ప్రకటించిన పాఠాల ఆటలు 3, వచ్చినవి 2. నింటెండో సంస్థ 1983 జూలై 15న జపాన్‌లో ఫామికామ్ అనే వీడియో గేమ్ యంత్రాన్ని 14,800 యెన్‌లకు విడుదల చేసింది. ఆ నవంబర్ 22న పిల్లలకు ఇంగ్లిష్ నేర్పే పొపాయ్ ఆట, డిసెంబర్ 12న లెక్కలు నేర్పే డాంకీ కాంగ్ జూనియర్ ఆట దుకాణాలకు చేరాయి. మూడోది సంగీతం. 'డాంకీ కాంగ్ నో ఒంగాకు అసోబి' పేరుతో ప్రకటన వచ్చింది. అందులో మ్యూజిక్ క్విజ్, డాంకీ బ్యాండ్ అని 2 భాగాలు ఉంటాయన్నారు. ఆట మాత్రం రాలేదు. పాటల హక్కుల దగ్గర చిక్కుపడి ఆపేశారని ఎక్కువగా చెబుతారు.

హక్కుల సంగతి అలా ఉంచితే, ఆ యంత్రం పిల్లల చెవికి ఎంత శ్రుతిగా పాఠం చెప్పగలిగేది? లెక్క వేసి చూడొచ్చు. దాని గడియారం సెకనుకు 17,89,773 సార్లు కొట్టుకుంటుంది. ప్రధాన స్వరం కావాలంటే ఆ సంఖ్యను 16తో, మళ్లీ ఏదో ఒక పూర్ణసంఖ్యతో భాగించాలి. సెకనుకు 440 కంపనాలు కావాలంటే 254తో భాగిస్తాం, 440.4 వస్తుంది. ఆ తేడా ఎవరికీ తెలియదు. పై స్థాయిలో 2,093 కావాలనుకోండి. 54తో భాగిస్తే 2,071.5, 53తో అయితే 2,110.6. నడుమ ఇంకేమీ లేదు. సాధన ఉన్న చెవికి అది అపశ్రుతే.

కర్ణాటకలో సంగనకల్లు ఊరి పక్కనే, బళ్లారి అంచున ఉన్న కుప్గల్ గుట్ట మీద ఇంకో రకం సంగీత పాఠం ఉంది. అక్కడ నల్లటి డోలరైట్ బండల మీద మూపురాల ఎద్దుల బొమ్మలు చెక్కి ఉన్నాయి. కొన్ని బండల మీద నున్నటి గుంటలు పడ్డాయి. చిన్న రాయితో కొడితే ఖంగుమంటాయి. పదేపదే కొట్టడం వల్లే ఆ గుంటలు పడ్డాయంటారు. నవీన శిలాయుగపు పశుపాలకులు తిరిగిన గుట్ట ఇది. పురావస్తు పరిశోధకురాలు నికోల్ బోవిన్ 2004లో ఈ బొమ్మలకూ మోతకూ ఉన్న సంబంధంపై పరిశోధన వ్యాసం ప్రచురించారు. గ్రానైట్ తవ్వకాలు ఈ గుట్టకు ముప్పు తెచ్చాయి, అది నన్ను బాధిస్తోంది.

ఆ మోతను 1983 నాటి ఆటలో పెట్టగలిగేవారా? ఆట నిల్వ ఉండే అప్పటి మామూలు కార్ట్రిడ్జ్ 24 కేబీ, అంటే 24,576 బైట్లు. సీడీ నాణ్యతలో ఒక్క సెకను శబ్దానికి, స్టీరియో కాకుండా మోనోలో రికార్డు చేసినా, 88,200 బైట్లు కావాలి. కార్ట్రిడ్జ్ మొత్తం ఇచ్చేసినా 0.28 సెకను. రాయి ఖంగుమనేలోపే జాగా అయిపోతుంది.

ఇప్పుడు 50 బండలు, ఒక్కోదానికి 5 సెకన్లు అనుకుంటే దాదాపు 22 ఎంబీ. చవక ఫోన్‌లోనూ పడుతుంది. బళ్లారిలో భూవిజ్ఞాని రాబర్ట్ బ్రూస్ ఫుట్ పేరిట సంగనకల్లు పురావస్తు మ్యూజియం ఉంది. ఆ రికార్డింగులతో అక్కడ పిల్లల ఆట తయారైతే ఏ బండ ఏ స్వరమో చెవితో పోల్చుకుంటారు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ వినే ఇక్కడి పిల్లలకు స్వరాలు పోల్చుకోవడానికి ఏ భాషా అడ్డు రాదు. పైగా రికార్డింగు ఒక్కసారి జాగ్రత్తగా చేస్తే చాలు, బడి పిల్లలు వచ్చిన ప్రతిసారీ ఆ పాత గుంటల్ని మళ్లీ కొట్టనక్కర్లేదు.