ఇద్దరు హీరోలు... ఒక గోల్నాక గల్లీ!

'కల్కి 2898 ఏ.డి.' చూశారు కదా! అందులో ప్రభాస్ పక్కన అసలైన హీరోయిన్ ఎవరని అడిగితే మా తమ్ముడు ఠకీమని 'బుజ్జి' అంటాడు. బుజ్జి అంటే తెలుసుగా... మూడు చక్రాల మీద దూసుకుపోయే ఆ ఆరు టన్నుల కారు! గొంతు కీర్తి సురేష్‌ది. 2024 మే 22న రామోజీ ఫిలిం సిటీలో ప్రభాస్ దాన్ని స్వయంగా నడుపుకుంటూ అభిమానుల ముందుకొచ్చిన సాయంత్రం మావాడు ఆ జనంలోనే ఉన్నాడు. రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. అట్టలూ, చెక్కలూ పెట్టి చేసిన సెట్టింగనుకునేరు! కాదు. మహీంద్రా ఇంజనీర్లూ, కోయంబత్తూరు జయెం ఆటోమోటివ్స్ వారూ కలిసి తయారుచేసిన నిజమైన ఎలక్ట్రిక్ బండి అది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే... మా నాన్న రిటైరయ్యారు.

రిటైరైతే డబ్బు వస్తుంది. ఒక్కసారే వస్తుంది. అందులోంచి ఒక వాటా తీసి, గోల్నాకలో మా ఇంటి ముందు పద్దెనిమిదేళ్లుగా దగ్గుతున్న పెట్రోలు కారును సాగనంపి, ఎలక్ట్రిక్ ఎస్.యు.వి. కొందామని నాన్న ప్రకటించారు. అంతే, ఇంట్లో ఎలక్షన్లు మొదలు! తమ్ముడి పార్టీ మహీంద్రా బి.ఇ.6. నాన్న పార్టీ టాటా హారియర్ ఇ.వి. ఉస్మానియాలో పరిశోధన చేసుకుంటున్న నేను తటస్థుణ్ణి. అమ్మ మాత్రం ఏ పార్టీ అన్నది పోలింగు దాకా చెప్పలేదు.

టైటిల్ గొడవతో వచ్చిన కుర్ర హీరో

తమ్ముడి హీరోకి మన ఊరితో పాత పరిచయమే ఉంది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఇ పందెం జరిగింది గుర్తుందా? దానికి ఒక్క రోజు ముందు మహీంద్రావారు తమ ఎలక్ట్రిక్ బళ్ల నమూనాలను దేశంలో మొట్టమొదటిసారి హైదరాబాదులోనే చూపించారు. అందులో 'బి.ఇ.05' అనే నమూనాయే 2024 నవంబరు 26న చెన్నైలో 'బి.ఇ.6ఇ'గా విడుదలైంది. వెంటనే మన చిత్రసీమలో జరిగినట్టే టైటిల్ గొడవ! '6ఇ' మాది అంటూ ఇండిగో విమాన సంస్థ ఢిల్లీ హైకోర్టుకెక్కింది. చివరి అక్షరం తీసేసి 'బి.ఇ.6' పేరుతోనే బండి రోడ్డెక్కింది.

ఇక మ్యూజిక్? ఎ.ఆర్. రెహమాన్! ఎలక్ట్రిక్ బండికి ఇంజను చప్పుడు ఉండదు కదా, లోపల వినిపించే రకరకాల శబ్దాలను ఆయనే సమకూర్చారు. 2025 ఆగస్టులో నోలన్ తీసిన 'డార్క్ నైట్' చిత్రాల స్ఫూర్తితో 'బ్యాట్‌మ్యాన్ ఎడిషన్' అని 999 బళ్లు పెడితే, 135 సెకన్లలో బుకింగులు అయిపోయాయట. పెద్ద హీరో సినిమాకి బెనిఫిట్ షో టిక్కెట్లు కూడా అంత త్వరగా అయిపోవేమో!

నాన్న హీరో 2025 జూన్ 3న విడుదలైంది. దాని ఇంట్రడక్షన్ సీను కేరళలోని వాగమన్‌లో తీశారు. ఎలిఫెంట్ రాక్ అనే నున్నటి రాతిగుట్టను బండి ఎక్కేస్తుంది. ముందొక మోటారు, వెనకొక మోటారు ఉన్న పై రకం అది. బానెట్ కింద ఉన్న నేలను కూడా తెరమీద చూపిస్తుంది. గోల్నాకలో గుట్టలు లేవు గానీ గుంతలున్నాయి కాబట్టి నాన్నకు అది బాగా నచ్చింది.

ఆర్ట్స్ కాలేజీ ముందు స్క్రీన్ టెస్ట్

ఒక ఆదివారం పొద్దున్న రెండు బళ్లనూ, ఒకదాని తర్వాత ఒకటి, క్యాంపస్ వైపు తీసుకెళ్లాం. 1939 నుంచి ఎన్ని తరాలను చూసిందో ఆ ఆర్ట్స్ కాలేజీ భవనం! దాని ముందు బి.ఇ.6 ఆగగానే హాస్టలు కుర్రాళ్లు మూగిపోయారు. సెల్ఫీలే సెల్ఫీలు! 'అన్నా, ఒక్కసారి లోపల కూసోనియ్యన్నా' అని ఒకడు. వాడి తప్పేం లేదు. ముందు సీట్లో కూర్చుంటే విమానం నడుపుతున్నట్టే ఉంటుంది. నాక్కూడా కాలరు ఎగరేయాలనిపించింది.

హారియర్ ఆగినప్పుడు ఒక్కరూ సెల్ఫీ దిగలేదు. వాకింగుకు వచ్చిన ఒక పెద్దాయన మాత్రం కర్ర ఆనించి నిలబడి మూడు ప్రశ్నలడిగారు: 'ఎంతకొచ్చింది బాబూ? చార్జింగు ఎక్కడ పెడతారు? వెనక ముగ్గురు పడతారా?'

మీరు మీ ఇంట్లో బండి కొనేటప్పుడు తెర సైజు, స్పీకర్ల లెక్క అడగడానికి ముందు ఆ మూడూ అడగండి. నేను ఇంటికెళ్లి కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చున్నది ఆయన పుణ్యమే.

ముందు ధర. విడుదలనాటి షోరూం లెక్క ప్రకారం చిన్న బ్యాటరీ ఉన్న బి.ఇ.6 18.90 లక్షలు, హారియర్ 21.49 లక్షలు. తెలంగాణలో 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 దాకా ఎలక్ట్రిక్ బళ్లకు రోడ్డు టాక్సు, రిజిస్ట్రేషను ఫీజు మాఫీ. ఈ ధర పెట్రోలు బండికైతే ఆ టాక్సే లక్షల్లో ఉంటుంది. (ఒక షోరూములో మేమడగని సీటు కవర్లూ, పాలిషులూ కలిపి బిల్లులో డెబ్బై వేలు చేర్చారు. ఏ షోరూమో చెప్పను. మీరు మాత్రం బిల్లు రెండుసార్లు చదువుకోండి.)

పెద్ద బ్యాటరీ కోసం తమ్ముడు చాలా పేచీ పెట్టాడు. ల్యాబు లెక్కలో బి.ఇ.6 680 కిలోమీటర్లకు పైగా, పెద్ద హారియర్ 627 పోతాయట. ల్యాబులో ట్రాఫిక్ ఉండదు, ఏ.సి. వేసుకుని మధ్యాహ్నం మూడింటికి అంబర్‌పేటలో ఇరుక్కోవడం ఉండదు. కాబట్టి అందులో కొంత కోసేయండి. అయినా మా అవసరమెంత? గోల్నాక నుంచి శివం రోడ్డు, క్యాంపస్ మీదుగా తార్నాకలో అక్కయ్య ఇంటికి ఏడు కిలోమీటర్లు. రానూ పోనూ పద్నాలుగు. నెలకొకసారి సూర్యాపేట వెళ్లి రావడం 270. మొత్తం కలిపితే ఆరు వందల పైచిలుకు. యూనిట్‌కు ఆరు కిలోమీటర్లు వచ్చినా నెలకు సుమారు వంద యూనిట్లు! స్లాబు పెరిగి యూనిట్‌కు పది రూపాయలు పడ్డా వెయ్యి రూపాయలు. పాత కారు అదే దూరానికి అయిదు వేల పైన తాగేది. చిన్న బ్యాటరీయే ఎక్కువని తేలింది. తమ్ముడు ఆ రాత్రి పాటలు వినలేదు.

రెండో ప్రశ్న చార్జింగు. ఇక్కడే చాలా మందికి సినిమా ఇంటర్వెల్ దగ్గర ఆగిపోతుంది. మాది సొంత ఇల్లు, సొంత మీటరు. రోజుకు వాడే రెండు మూడు యూనిట్లు గీజరుకు పెట్టే పదిహేను ఆంపియర్ల ప్లగ్గుతో కూడా గంటలో ఎక్కేస్తాయి. తార్నాకలో బావది అపార్టుమెంటు. ఆయన కిందటేడు ఎలక్ట్రిక్ కారు కొని, మీటరు దగ్గర్నుంచి సెల్లారులో తన పార్కింగు దాకా వైరు లాక్కుంటానంటే అసోసియేషను మీటింగులో రభస! 'నిప్పు అంటుకుంటే?' అని ఒకరు, 'ఇవాళ మీరు, రేపు అందరూ' అని ఇంకొకరు. ఉన్న కరెంటు కనెక్షను మీదే బండి చార్జి చేసుకోవచ్చని 2024 సెప్టెంబరులో కేంద్ర విద్యుత్ శాఖ ఇచ్చిన మార్గదర్శకాలను ప్రింటు తీసి నోటీసుబోర్డుకు అంటించాకే, అదీ నాలుగు నెలలకు, పని జరిగింది. అందుకే అపార్టుమెంటు వాళ్లు బండి బుక్ చేసే ముందు సెల్లారు సంగతి తేల్చుకోవాలి.

క్లైమాక్స్‌లో తులసికోట!

మూడో ప్రశ్నకు జవాబు అమ్మే చెప్పాలి. వెనక సీటు ఆమెది, అక్కయ్య ఇద్దరు పిల్లలది. అమ్మకు మోకాళ్ల నొప్పి. బి.ఇ.6లోకి సులువుగానే జారి కూర్చుంది. దాని పైకప్పు వెనక్కి వాలి ఉంటుంది. 'మంచిగుంది బిడ్డా, పెండ్లి కొడుకు బండి లెక్క ఉంది' అంది. తర్వాత సేల్సు కుర్రాణ్ణి, 'బుజ్జి లెక్క ఇది మాట్లాడ్తదా?' అని అడిగింది. 'మాట్లాడుతుందమ్మా, చెబితే ఏ.సి. కూడా పెంచుతుంది' అన్నాడతను. 'గొంతు మాత్రం కీర్తి సురేష్‌ది కాదన్నట్టు' అని దిగిపోయింది.

హారియర్ ఎక్కడానికి పిడి పట్టుకుని ఒక్క క్షణం ఆయాసపడింది. కూర్చున్నాక కిటికీలోంచి గల్లీ మొత్తం ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది. ఏమీ అనలేదు.

ఆ సాయంత్రం తమ్ముడు టేపు తెచ్చాడు. మా పోర్టికో పొడవు పద్నాలుగు అడుగుల తొమ్మిది అంగుళాలు. బి.ఇ.6 4371 మిల్లీమీటర్లు, అంటే పద్నాలుగు అడుగుల నాలుగు అంగుళాలు. గేటు పడుతుంది. హారియర్ 4607 మిల్లీమీటర్లు. పదిహేను అడుగులు దాటింది. గేటు పడదు! రెండింటికీ తేడా సరిగ్గా జానెడు. వాడు విజిలేశాడు. ధరా తక్కువే, ఇంట్లోనూ పడుతుంది, తిరగడానికి చోటూ తక్కువే కావాలి. ఇంకేం కావాలి? న్యాయంగా చూస్తే నా ఓటు కూడా అటే పడాలి.

పోర్టికో చివర గోడకు ఆనుకుని అమ్మ తులసికోట ఉంది. దాన్ని పక్కకు జరిపితే రెండడుగులు దొరుకుతాయి. ఆ మాట అనడానికి ఎవరికీ నోరు రాలేదు. నాన్న టేపు చుట్టి జేబులో వేసుకుని, 'సరే, వాడన్నదే కానియ్' అన్నారు. ఆ గొంతు విని నాకే ఎట్లాగో అయింది. ముప్పై ఏళ్ల పైగా ఉద్యోగం చేసి, తనకంటూ ఆయన కోరింది ఈ ఒక్కటే.

అమ్మ వంటింట్లోంచే అంది, 'అప్పట్ల మీ స్కూటర్ కోసం జరపలేదా దాన్ని? గిప్పుడేం కొత్త? ఎనక కూసునేది నేను, పిల్లలు. నాకు పెద్దబండే మంచిగుంది. కార్తీకం పోనియ్యుండ్రి, పున్నమి దాటినంక మేస్త్రీని పిలువుండ్రి.'

మర్నాడే నాన్న అడ్వాన్సు కట్టి వచ్చారు. చిన్న బ్యాటరీ హారియరే. తమ్ముడు రెండు రోజులు అలిగి, మూడో రోజు షరతు పెట్టాడు. బండి వచ్చిన సాయంత్రం కాచిగూడ తారకరామలో ఫస్టు షోకి అందరం అందులోనే వెళ్లాలి, స్టీరింగు వాడిదే, స్పీకర్లలో మోగేది రెహమాన్ పాటలే. నాన్న రెండింటికి ఒప్పుకున్నారు. స్టీరింగు గురించి ఇంకా చర్చలు నడుస్తున్నాయి.