చేపల తొట్టికి వెనుక రంగు

ఇంటిలో పెద్ద గాజుతొట్టి నమర్చి చేపలను పెంచదలచువారు తొట్టి కొలతలను, నీటిని, మేతను గురించి ముందుగా ఆలోచింతురు. వెనుక పలకకు ఏ రంగు ఉండవలెనను ప్రశ్న తుదకు మిగిలిపోవును. గోడ రంగుతో కుదిరినదేదో తగిలించి పలువురు ఊరకుందురు. కాని ఆ రంగు మన గదికి అలంకారము మాత్రమే కాదు. లోపలి ప్రాణికి అది రేయింబవళ్లు కంటి యెదుట నుండు ఎల్ల. కావున ఆ విషయమును శ్రోతలకు కొంత వివరింపదలచితిమి.

నాలుగు అడుగుల పొడవు, ఒకటిన్నర అడుగు వెడల్పు, అంతే ఎత్తు గల తొట్టిలో సుమారు 250 లీటర్ల నీరు పట్టును. నీటి బరువే 250 కిలోలన్నమాట. గోడదాపున నిలిపి నింపిన పిమ్మట దానిని కదల్చుట ఎవరి తరము కాదు. కనుక వెనుక రంగును నీరు పోయకమునుపే నిర్ణయించుకొనవలెను.

మొదట చేప సంగతి చూతము. చేప చర్మములో రంగుకణములు కలవు. వానిలోని నల్లని రేణువులు కణమంతట వ్యాపించినపుడు చేప ముదురు రంగుగా కనబడును. నడుమకు ముడుచుకొన్నపుడు పాలిపోవును. ఈ మార్పును నడపునది ముఖ్యముగా కన్ను. పైనుండి పడు వెలుతురును, అడుగునుండియు చుట్టునుండియు మరలివచ్చు వెలుతురును అది సరిపోల్చును. పరిసరము నల్లనైనచో మేను ముదురును, తెల్లనైనచో వెలవెలబోవును. కొన్ని జాతులలో ఇది నిమిషములలోనే జరుగును. వారముల తరబడి ఒకే పరిసరమున నుండినచో రంగుకణముల సంఖ్యయే మారును.

ఈ మార్పు చేపకు ప్రాణరక్షణ సాధనము. అమెరికా జీవశాస్త్రజ్ఞుడు ఫ్రాన్సిస్ సమ్నర్ 1934లో ఒక పరిశోధనను ప్రకటించెను. దోమల లార్వాలను తిను గంబూసియా చేపలలో కొన్నిటిని నల్లని తొట్లలోను, కొన్నిటిని లేతరంగు తొట్లలోను ఉంచి, పిదప రెండు తెగలను కలిపి పెంగ్విన్ పక్షులకు విడిచెను. పరిసరపు రంగుతో కలియని చేపలే హెచ్చుగా పక్షుల వాతబడెను. తెల్లని గోడ యెదుట ముదురువన్నె చేప బెదరి మూలల నక్కుట ఎందులకో దీనినిబట్టి ఊహింపవచ్చును.

వెనుక పలకకు రంగే లేకపోయినచో మరియొక చిక్కు కలదు. నీటిలోనుండి మిక్కిలి ఏటవాలుగా చూచు చేపకు గాలి తగులుచున్న గాజు దర్పణమగును. ఫైటర్ చేప తన ప్రతిబింబమునే శత్రువుగా తలచి మొప్పలు విప్పి పోరుకు దిగును. కాగితము తగిలించినను గాజునకు, కాగితమునకు నడుమ గాలిపొర నిలిచినచో ఈ దోషము పోదు. ముదురు రంగు గాజును అంటిపట్టుకొని యుండినపుడే అది తొలగును.

ఇక చూచువారి సంగతి. నీటిలోని వస్తువు ఉన్న దూరములో ముప్పాతిక దూరముననే ఉన్నట్లు తోచును. ఒకటిన్నర అడుగు లోతున నున్న వెనుక పలక మనకు అడుగు పైచిలుకు లోతుననే కనబడును. ముదురు నీలము గాని, నలుపు గాని అచటి అంచులను మరుగుపరచి ఈ లోటును చాలవరకు తీర్చును. నలుపు యెదుట బంగారుచేప, నియాన్ టెట్రా వంటివి మెరయును. ఆకుపచ్చని మొక్కలు తేటపడును. కాని బ్లాక్ మోలీ వంటి నల్లచేప అందులో కలిసిపోవును. దానికి నడితరపు నీలము మేలు. ఆకుపచ్చ రంగులో మొక్కలు కలిసిపోవును. తెలుపుపై పాచి మరక ప్రతిదియు కనబడును. ఎరుపు, పసుపులు చేపల వన్నెను మింగివేయును.

నలుపునకు ఒక ఇబ్బంది లేకపోలేదు. తొట్టికెదురుగా కిటికీ యున్నచో ముందు పలకలో ఆ కిటికీయు, మన ముఖమును ప్రతిఫలించి చేపలు సరిగా కనబడవు. అట్టిచోట తొట్టిని వేరు గోడకు మార్చవలెను. లేదా గదిలో వెలుతురు తగ్గించి, తొట్టిపై దీపము నుంచవలెను.

రంగు వేయదలచినచో వెనుక పలకకు వెలుపలివైపుననే వేయవలెను. లోపలివైపున ఎన్నడును వేయరాదు. గాజును శుభ్రముగా తుడిచి, పలుచగా రెండు మూడు పూతలు పూసి, వాసన పూర్తిగా పోవునంతవరకు కొన్ని దినములు ఆరనిచ్చి, ఆపైననే నీరు నింపవలెను.

ఇదివరకే చేపలున్న తొట్టి యైనచో, వెనుకభాగము చేతికందునట్లున్న పక్షమున, రంగు కాగితములతో ముందుగా పరీక్షింపవచ్చును. ఒక్కొక్క రంగును మూడు నాలుగు దినములుంచి, పగటి వెలుతురులోను, రాత్రి దీపము క్రిందను గమనింపవలెను. చేప వన్నె నిలిచినదా, మేతకు ముందుకు వచ్చుచున్నదా, లేక మొక్కల చాటుననే యుండుచున్నదా అని చూడవలెను. రెండు రంగులు మన కంటికి సమానముగా నచ్చినచో, చేప నిబ్బరముగా తిరుగాడిన రంగునే ఎన్నుకొనవలసినదని మా సలహా.