‘ఆసన్నం’ ఇరుగుపొరుగు

‘సమయం ఆసన్నమైంది’ అని సభల్లో వినీ వినీ ఈ మాటను కాలానికే కట్టేశాం. అసలు ఇది చోటుకు చెందిన మాట. సంస్కృతంలో ‘సద్’ ధాతువుకు కూర్చోవడమని అర్థం. ముందు ‘ఆ’ చేరితే దగ్గరికి చేరడం. పక్కకు వచ్చి చేరినది ఏదైనా ఆసన్నమే.

ఆ పాత అర్థం చెక్కుచెదరకుండా మిగిలింది బడి లెక్కల పుస్తకంలో. ఆసన్న కోణాలు అనిపించుకోవాలంటే ఊరికే పక్కపక్కన ఉంటే చాలదు. శీర్షం ఒకటే కావాలి, ఒక భుజం ఉమ్మడిగా ఉండాలి, మిగతా రెండు భుజాలు దానికి చెరో వైపునా ఉండాలి. మధ్యగోడ ఒకటే అయిన రెండిళ్లన్నమాట. రెండు గీతలు ఖండించుకున్నచోట ఎదురెదురుగా ఏర్పడే కోణాలు శీర్షం దగ్గర తగులుకుంటాయి, అయినా ఆసన్నాలు కావు.

ఆసనానికీ ఆసన్నానికీ చుట్టరికం లేదు. రెండిటి వెనకా కూర్చోవడమే ఉంది కానీ ధాతువులు వేరు. ఆసన్నానికి అసలు బంధువులు సదస్సు, పరిషత్తు, ఉపనిషత్తు. విషాదం కూడా ఆ ఇంటిదే, అక్కడ ‘సద్’ అంటే కుంగిపోవడం. ప్రసన్నం సొంత చెల్లెలు: మడ్డి అడుగుకు దిగి నీరు తేటపడటం.

నాకు అన్నిటికన్నా నచ్చేది ఆర్యభటుడి వాడుక. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో ఆయన 20,000 వ్యాసమున్న వృత్తానికి చుట్టుకొలత 62,832 అన్నాడు. భాగిస్తే 3.1416. ఆ కొలతను ఆయన ‘ఆసన్నం’ అన్నాడు, అంటే దగ్గరిది, అసలుది కాదు. ఉన్న విలువ చెప్పకుండా దగ్గరి విలువతో ఎందుకు సరిపెట్టాడని సుమారు వెయ్యేళ్ల తర్వాత కేరళ గణితజ్ఞుడు నీలకంఠ సోమయాజి తన భాష్యంలో ప్రశ్న వేసుకున్నాడు. వ్యాసాన్ని శేషం లేకుండా కొలిచే ప్రమాణంతో చుట్టుకొలతను కొలిస్తే ఎంతోకొంత మిగిలే తీరుతుంది, ప్రమాణాన్ని ఎంత చిన్నది చేసినా శేషం తగ్గుతుందే తప్ప పోదు, కాబట్టి అసలు విలువ చెప్పడం కుదరదని జవాబూ ఇచ్చాడు. ఈ నిష్పత్తి, అంటే π (పై), భిన్నంగా రాయలేనిదని గణితజ్ఞుడు లాంబర్ట్ నిరూపించింది 1761లో. ఒక్క విశేషణంలో ఇంత జాగ్రత్త చూపినవాళ్లు అరుదు.

మాటలకూ ఆసన్నత కావాలి. న్యాయదర్శనం దాన్ని ‘ఆసత్తి’ అంది. మన తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో ‘సన్నిధి’ అన్నాడు. ‘ఆవును’ అని ఒక జామునా, ‘తీసుకురా’ అని మరో జామునా అంటే అది వాక్యం కాదు, ఆవూ రాదు.

‘అనంతరం’ కూడా దగ్గరితనం మాటే, నడుమ సందు లేనిది అని అర్థం. ఇప్పుడు ‘భోజనానంతరం’ గంటన్నర కునుకు తీసినా ఎవరూ ఆక్షేపించరు. కౌటిల్యుడికి మాత్రం సందు లేకపోవడమే ప్రమాదం: నేలకు ఆనుకుని నేల ఉన్న రాజు సహజ శత్రువు, మధ్యలో ఒక రాజ్యం వదిలి అవతలివాడు సహజ మిత్రుడు.

‘సామంతుడు’ అనగానే కప్పం కట్టే చిన్నరాజు గుర్తొస్తాడు. ఆ మాటకు ముందున్న అర్థం పొరుగువాడు. పొలిమేర తగాదాల్లో సామంతులు సాక్ష్యం చెప్పాలని ధర్మశాస్త్రాలు అంటాయి. భూమి అమ్మదలిస్తే ముందు జ్ఞాతులు, తర్వాత సామంతులు, ఆ తర్వాత అప్పిచ్చినవాళ్లు కొనాలని అర్థశాస్త్రం వరస పెట్టింది.

దస్తావేజులో చెక్కుబందీ చూడండి. తూర్పున ఫలానావారి స్థలం, దక్షిణాన ఫలానావారి ఇల్లు అంటూ నాలుగు దిక్కులా సామంతులే. ఆ పొరుగాయన మర్నాడే ఇల్లు అమ్ముకుపోయినా మీ కాగితంలో మాత్రం కదలడు.