ఇల్లూ అదే, పక్కా అదే

ఐర్లండ్ కొండల్లో డేరా లేకుండా నిద్రపోయేవాళ్లకు స్లీపింగ్ బ్యాగ్ మీద తొడుక్కునే వాటర్‌ప్రూఫ్ సంచే కొంప. పేరు బివీ బ్యాగ్, బరువు అర కిలోకి అటూఇటూ. కర్రలక్కర్లేదు, మేకులక్కర్లేదు. మనిషి పట్టేంత చదును నేల దొరికితే చాలు.

ఈ సంచులు అమ్మే కంపెనీల పొగడ్తలన్నీ ఒకే మూసలో ఉంటాయి. ఈ తరహా పడకకు అసలు సిసలు యోగ్యతాపత్రం 1596 ప్రాంతంలో ఓ ఇంగ్లిష్ కవి రాశాడు. అదీ కడుపుమంటతో.

ఆయన ఎడ్మండ్ స్పెన్సర్. తిరగబడిన డెస్మండ్ వంశం నుంచి జప్తు చేసిన భూమిలో, కార్క్ కౌంటీలోని కిల్‌కోల్మన్ కోటలో కాపురం. ఐర్లండ్‌ను ఎలా లొంగదీయాలో ఇద్దరి సంభాషణగా రాస్తూ, మధ్యలో ఐరిష్‌వాళ్లు ఒంటికి చుట్టుకునే ఉన్ని దుప్పటి మీద విరుచుకుపడ్డాడు. దాన్ని మాన్పించాల్సిందేనట. ఎందుకంటే అది ఉన్నవాడికి ఇల్లూ పక్కా అక్కర్లేదు, వానకీ చలికీ జంకడు, అడవిలో దాక్కుంటాడు. ఎండాకాలం వదులుగా వేసుకుంటాడు, చలికాలం బిగించి చుట్టుకుంటాడు. కొట్లాటలో ఎడమ చేతికి చుడితే డాలు కూడా. అన్నిటికన్నా ముచ్చటైన ఫిర్యాదు దోమలది: శత్రువు ఆయుధాల కన్నా ఎక్కువ బాధపెట్టే ఆ చిన్న పురుగుల నుంచి కూడా తిరుగుబాటుదారుణ్ని ఈ దుప్పటే కాపాడుతోందని ఆయన ఏడుపు. ఇంత శ్రద్ధగా తిట్టినవాడు ఓ రాత్రి దాన్ని కప్పుకొని చూశాడేమోనని అనుమానమొస్తుంది.

మందతో పోయే తెలంగాణ గొల్లకురుమల భుజాన ఉండే గొంగడి కూడా ఇలాంటిదే: వానకు తలమీద, రాత్రికి ఒంటిమీద.

కొత్త సంచి కిటుకు వేరు. 1969లో అమెరికాలో బాబ్ గోర్ టెఫ్లాన్‌ను ఒక్క గుంజున సాగదీసి, కంటికి కనిపించని రంధ్రాలున్న పొరను సాధించాడు. అందులోంచి నీటిబొట్టు లోపలికి రాదు, ఒంటి ఆవిరి బయటికి పోతుంది. పోవాలంటే లోపలికీ బయటికీ తేమలో తేడా ఉండాలి. ఐర్లండ్ గాలే తడిబట్టలా ఉంటే ఆవిరి ఎక్కడికి పోతుంది? సంచి లోపలి గుడ్డకే పట్టి నీరవుతుంది. తెల్లారి స్లీపింగ్ బ్యాగ్ తడిసిందంటే ప్రతిసారీ వాన తప్పు కాదు. ఊపిరి లోపల వదిలితే తడి మరీ ఎక్కువ, కాబట్టి మొహం బయట పెట్టాలి. పెడితే వేసవిలో, గాలి ఆగిన సాయంత్రం, మిడ్జ్‌లనే చిన్న దోమలు దండెత్తుతాయి. స్పెన్సర్ చెప్పిన శత్రువులు ఇంకా డ్యూటీలోనే ఉన్నారు. దోమతెర కుట్టిన సంచికి నాలుగు డబ్బులు ఎక్కువైనా ఇవ్వాల్సిందే.

కప్పుకునేది లేకపోతే ఏమవుతుందో కూడా ఈ కొండలకు తెలుసు: 1592 జనవరిలో డబ్లిన్ కోట జైలు నుంచి పారిపోయిన ఐరిష్ ప్రభువంశీయులు రెడ్ హ్యూ ఓడొనెల్, ఆర్ట్ ఓనీల్ పలచటి బట్టలతో విక్లో కొండల మంచులో చిక్కుకున్నారు. సాయం అందేసరికి ఆలస్యమై ఆర్ట్ అక్కడే చనిపోయాడు. హ్యూ గ్లెన్‌మలూర్ లోయ చేరాడు గానీ కాలి బొటనవేళ్లు పోగొట్టుకున్నాడు.

వెళ్లేవాళ్లకు

డబ్లిన్ మార్లే పార్క్ నుంచి కార్లో కౌంటీలోని క్లోనిగల్ దాకా సాగే విక్లో వే నడకదారి సుమారు 130 కిలోమీటర్లు. విక్లో మౌంటెన్స్ నేషనల్ పార్క్‌లో సంచికైనా డేరాకైనా మర్యాద ఒకటే: వాహనాలు తిరిగే రోడ్డుకు 400 మీటర్లు ఎడంగా పడుకోవాలి, మంట వేయకూడదు, గ్లెండలాక్ లోయలో మకాం పెట్టకూడదు. దారిలో మౌంటెన్ మీహల్ అనే సంస్థ వలంటీర్లు కట్టిన చెక్క షెల్టర్లున్నాయి. పైకప్పు ఉంది గనక జిప్పు తెరిచే పడుకోవచ్చు. ముందువైపు గోడ లేదు గనక మిడ్జ్‌లూ వస్తాయి.